వసారాలో జనరేటరు

చప్పుడు ఆగిపోయింది.

నీళ్ళని నీళ్ళతో కొట్టే చప్పుడు. అన్నం తింటున్నా, ప్రార్థన చేస్తున్నా, మాటల్లో ఉన్నా, పోట్లాటలో ఉన్నా ఇంటి వెనక నుంచి వినిపిస్తూనే ఉండే చప్పుడు. చెరువులో ఏరేటర్ల రెక్కలు నీటిని చిలుకుతుంటే, తెల్లటి నురగ లేచి పడే చప్పుడు.

అది ఆగితే చెవులు బరువెక్కుతాయి.

కొల్లేటి చుట్టూ రొయ్యల చెరువుల మధ్య కాపురం చేసే ఆడవాళ్ళకి ఇదొక జబ్బు. చప్పుడుకి నిద్రపోతాం. నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తాం.

అప్పుడు పొద్దున్నే. పొయ్యి మీద టీ మరుగుతోంది. కిటికీ అవతల వాన — ఆకాశంలోంచి కాదు, చెరువు మీద నుంచి అడ్డంగా వస్తున్న వాన. గాలి దాని వెనకే ఉండి తోస్తోంది.

బల్బు ఒకసారి ఎర్రబడింది. పోయింది.

రొయ్యల ఊపిరి ఆగింది.

పక్కగదిలో ఇన్వర్టరు టిక్కుమంది. అత్తయ్యగారి ఆక్సిజన్ మిషను ఒక్క క్షణం తటపటాయించి, మళ్ళీ గుర్రు పెట్టడం మొదలెట్టింది.

మా ఇంట్లో రెండు ఊపిర్లు కరెంటు మీద నడుస్తాయి.

ఒకటి చెరువుది.

ఒకటి ఆవిడది.

*

ఆవిడ పేరు మార్తమ్మ. జన్మంతా ఊక పొయ్యి ముందు కూర్చుని వండిన మనిషి. ఆ పొగ లోపలికి వెళ్ళింది, చోటు నచ్చింది, అక్కడే కాపురం పెట్టేసింది. ఇప్పుడు ముక్కులో రెండు సన్నటి గొట్టాలు. మంచం పక్కన చక్రాల పెట్టెలాంటి మిషను. బియ్యంలోంచి రాళ్ళు ఏరినట్టు, గాలిలోంచి పనికొచ్చే గాలిని ఏరి ఆవిడకిస్తుంది.

అది ఆగితే ముందు గోళ్ళు నేరేడు రంగుకి తిరుగుతాయి.

తర్వాత పెదాలు.

తర్వాతది... ఇంతవరకు చూడలేదు.

చూడకూడదు.

మా ఆయన బెంజమిన్ తడిసి ముద్దై వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. కాళ్ళ నిండా చెరువు బురద.

"గట్టు మీద పెద్ద జనరేటరు స్టార్టవట్లేదే. బ్యాటరీ చచ్చింది."

చెప్పాల్సింది అక్కడితో అయిపోయింది. మిగతాది ఆయన కళ్ళు చెప్పాయి. ఆ కళ్ళు నా మీద లేవు. ఇన్వర్టరు మీద ఉన్నాయి.

మా ఊళ్ళో ఒక పద్ధతి. ఎవరూ పెట్టలేదు, అందరూ పాటిస్తారు. ఇంట్లో ఉన్నదేదైనా ముందు చెరువుది, తర్వాతే ఇంటిది. నా బకెట్లు చెరువుకెళ్ళి మేత మోస్తాయి. నా దోమతెర చెరువుకెళ్ళి వల అయ్యింది. వంటింటి త్రాసు అటు వెళ్ళింది, ఇక ఆ వాసనతో తిరిగి రావడానికి దానికే మొహం చెల్లలేదు. ఇన్వర్టరు బ్యాటరీ అయితే సరేసరి. తుఫాను వచ్చినప్పుడల్లా పుట్టింటికి వెళ్ళినట్టు చెరువుకి వెళ్ళొస్తుంది.

"దీన్ని తగిలించి అక్కడ స్టార్ట్ చేసి, వెంటనే తెచ్చేస్తాను."

"మరి అత్తయ్యగారికండీ?"

"చిన్న జనరేటరుందిగా. కాసేపు దాని మీద నడుపు."

మంచం మీద నుంచి ఆవిడ గొంతు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగే గొంతు.

"పట్టుకెళ్ళరా... రొయ్యలకి చెప్పు... ముసల్ది గాలి అప్పిచ్చిందని."

కొడుకు నవ్వలేదు. పంట పట్టుబడికి వచ్చింది, వల వేసే రోజు దగ్గరపడింది. ఇంకొన్నాళ్ళు ఊపిరి పీలిస్తే చాలు, ఆ రొయ్యలు మా అందరికీ ఊపిరి. ఆయన బ్యాటరీకి మేత సంచి చుట్టి, మోటార్ సైకిల్ వెనక కట్టుకుని వానలోకి వెళ్ళిపోయారు.

వెళ్తూ వెళ్తూ ఒక మాట వదిలిపెట్టి వెళ్ళారు.

"వసారాలో పెట్టుకో. తడవకుండా ఉంటది."

*

చిన్న జనరేటరు. తాడు లాగితే లేచే రకం. పెట్రోలు తాగి కరెంటు కక్కుతుంది. ఎప్పుడూ పెరట్లో మునగచెట్టు కింద పెట్టేవాళ్ళం. ఇవాళ మునగచెట్టే నేల మీద పడుకుని ఉంది.

వెనక వసారాలోకి లాగాను. అత్తయ్యగారి గది కిటికీ కిందే. జల్లు లోపలికి కొట్టకుండా, చెరువు గట్టుకి పరచగా మిగిలిన నల్ల పట్టా తెచ్చి, వసారా నోటికి అడ్డంగా కట్టాను. కింద ఇటుకలు పెట్టాను. పక్కన సందులుంటే గోనెలు కుక్కాను.

ఎంత శ్రద్ధగా కుక్కానో.

తడిసి వణుకుతున్న కోడిపెట్టనీ దాని పిల్లల్నీ తెచ్చి, అక్కడే ఓ మూల గంప కింద మూశాను. ఇంట్లో అందరూ భద్రంగా ఉన్నారు. నాకు నేనే నచ్చాను.

తాడు లాగాను. లేచింది.

వసారా నిండా చప్పుడు. గోడలు చప్పుడు. గిన్నెలు చప్పుడు. నా పళ్ళు కూడా చప్పుడు. కిటికీలోంచి తీగ లోపలికి పాకింది. మంచం పక్కన మిషను మళ్ళీ గుర్రు పెట్టింది.

"పొగ వస్తోందాండీ మీ దగ్గరికి?"

"పొగ నాకేం కొత్తటే అమ్మాయ్... నా ఊక పొయ్యి ముందు... ఇది సాంబ్రాణి."

ఇద్దరం నవ్వుకున్నాం.

వాన. మిషను. వాన. మిషను.

*

జనరేటరు చప్పుడంటే మా వీధికి పిలుపు.

పక్కింటి దుర్గాదేవి వచ్చింది. వాళ్ళది కిరాణా కొట్టు. చీర నెత్తి మీద కప్పుకుని, ఒళ్ళో ఇంట్లోవాళ్ళ ఫోన్లన్నీ వేసుకుని వచ్చింది. తల్లి దగ్గర పాలు తాగే కుక్కపిల్లల్లా అవన్నీ మా బోర్డుకి వరసగా అంటుకున్నాయి.

కాదనలేదు. ఇక్కడ ఎవరూ కాదనరు. జనరేటరు ఉన్నవాళ్ళు కరెంటుకి కూడా కాఫీకి చేసినట్టే మర్యాద చెయ్యాలి.

కాసేపు కూర్చుంది. మునగచెట్టు పడినందుకు విచారించింది. ఆ కాయల సంగతి అడిగింది. తర్వాత నెమ్మదిగా కొంగు చాటు నుంచి మిక్సీ జార్ తీసింది.

"గోంగూరేనండీ జ్యోత్స్నగారూ. ఒక్క తిప్పు. మీ మిక్సీ మీదే."

నేను నోరు తెరిచేలోపే తిప్పింది.

వసారాలో జనరేటరు గొంతు పట్టేసినట్టు మూలిగింది. లోపల ఆక్సిజన్ మిషను కీచుమంది. నేను పరుగెత్తి మిక్సీ ప్లగ్గు పీకేశాను. జనరేటరు మెల్లగా తేరుకుంది. మేమూ తేరుకున్నాం.

మంచం మీద నుంచి —

"దుర్గా... నీ పచ్చడికి... నా ప్రాణంతో తాలింపు పెట్టకే."

"అయ్యో, మీకూ గిన్నెలో పెట్టి పంపిస్తానండీ పెద్దమ్మగారూ."

సగం నలిగిన గోంగూరతో లేచింది. లేస్తూ కణతలు నొక్కుకుంది.

"ఏంటోనండీ, ఇక్కడ కూర్చుంటే తల పగిలిపోతోంది. వానకేమో."

"వానకేనండి," అన్నాను.

నాకూ అప్పటికే మొదలైంది. వానకే అనుకున్నాను. పొద్దుటి టీ పొయ్యి మీదే చల్లారిపోయిందిగా, దానికే అనుకున్నాను. తలనొప్పికి కారణాలు వెతకడం ఏ ఇల్లాలికైనా కష్టమా? ఎటు చూసినా ఉంటాయి.

*

ఫోన్ మోగింది. దాని చప్పుడు వినిపించలేదు. వెలుగు చూసి తీశాను.

ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. వాన మధ్యలో దూరి కొన్ని ముక్కలు తినేసింది. మిగిలినవి ఏరుకున్నాను — తూము దగ్గర గట్టు తెగింది. దారి లేదు. అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. బ్యాటరీ ఆయన దగ్గరే. పెద్ద జనరేటరు ఇంకా లేవలేదు. ఇంజను తడిసింది.

"రొయ్య తేలుతోందే."

ఆ మాట చెప్పేటప్పుడు ఇక్కడి మగవాళ్ళు గొంతు తగ్గిస్తారు. మనిషి పోతున్నాడని చెప్పేటప్పుడు తగ్గించినట్టు. నీళ్ళలో ఊపిరి చాలక రొయ్యలన్నీ పైకి వచ్చి, గట్టు వెంబడి ఒత్తుకుని, మీసాలు బయటపెట్టి... గాలిని అడుక్కుంటాయి.

"అమ్మకెలా ఉంది?"

అత్తయ్యగారి వేలికి క్లిప్పు తగిలించాను. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే చిన్న క్లిప్పు. ఎర్రటి వెలుగు వేలి గుండా కనిపించింది. అంకె వచ్చింది.

"తొంభై ఎనిమిదండీ."

"ఎంతా?"

"తొంభై ఎనిమిది."

"ఎప్పుడూ తొంభై దాటదు కదే."

"జనరేటరు కరెంటు చిక్కగా ఉందేమోనండి."

ఆ తడిలో, ఆ చీకటి పగటిలో, తేలుతున్న రొయ్యల పక్కన నిలబడి ఆయన నవ్వారు. ఆ రోజంతటికీ ఆయన నవ్విన నవ్వు అదొక్కటే. తర్వాత లైను తెగిపోయింది.

ఆవిడ మొహం చూశాను. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో బూడిద రంగులో ఉన్న బుగ్గలు.

"పెళ్ళికూతుర్లా ఉన్నారండీ."

"నిద్దరొస్తందే..."

వెనక్కి వాలి పడుకుంటే ఊపిరాడక, దిండ్లకి ఆనుకుని కూర్చునే కునుకు తీసే మనిషి. నిద్ర కోసం ప్రార్థనలు చేయించుకున్న మనిషి. అలాంటావిడ కళ్ళు మూసుకుంది. తల పక్కకి వాల్చింది. హాయిగా.

సంతోషించాను.

దేవుడి మీద ఒట్టు, సంతోషించాను.

*

వాన. మిషను. వాన. మిషను.

గోడకి ఆనుకుని కూర్చున్నాను. లేవాలి. అన్నం పెట్టాలి. లేవాలి... కాళ్ళు నావి కావు. ఎవరో బురదలో పాతి వెళ్ళిపోయారు. కళ్ళ ముందు చెరువు. చెరువు మీద తెల్లటి నురగ. కొంగలు ఒంటికాలి మీద నిలబడి నన్నే చూస్తున్నాయి. ఎంత ఓపికగా చూస్తున్నాయో.

లేవాలి.

పెట్రోలు ఎంతుందో చూడాలి. ఆ ఒక్క మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. పెట్రోలు. పెట్రోలు అయిపోతే ఆవిడ...

గోడ పట్టుకుని లేచాను. వసారా తలుపు తీశాను. వేడి మొహాన కొట్టింది.

మూల గంప.

గంప కింద నుంచి ఏ చప్పుడూ లేదు. ఉన్నా ఆ మోతలో వినపడదనుకుని గంప ఎత్తాను.

పెట్ట రెక్కలు పరుచుకుని కూర్చుంది. కూర్చోలేదు. పడి ఉంది. ఒక కన్ను తెరిచి నన్ను చూసింది, మూసింది. పిల్లలు దాని చుట్టూ పడుకుని ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తాను. పసుపు ముద్ద. వెచ్చగానే ఉంది. నా అరచేతిలో మెడ వాల్చేసింది.

రెండోదీ.

రెండోదీ అంతే.

*

ఏలూరులో బీఎస్సీ చదివేటప్పుడు కెమిస్ట్రీ మేడం ఒక గాలి గురించి చెప్పారు. వాసన ఉండదు, రంగు ఉండదు, రుచి ఉండదు. నేను పక్కనున్న పిల్ల చెవిలో — మా హాస్టల్ సాంబారు — అన్నాను. ఇద్దరం నవ్వాం. మేడం మమ్మల్ని బయట నిలబెట్టారు.

మిగతా పాఠం గుమ్మం అవతల నుంచే విన్నాను. ఇంజన్లు ఆ గాలిని వదులుతాయి. మూసిన గదిలో వదిలితే... రక్తం ఆక్సిజన్ని విడిచిపెట్టి దాన్నే కావలించుకుంటుంది. అయినా ఎర్రగానే ఉంటుంది. ఇంకా ఎర్రగా ఉంటుంది.

ఇంకా ఎర్రగా.

వేలికి పెట్టిన క్లిప్పుకి ఎరుపు తప్ప ఇంకేం తెలుసు?

తొంభై ఎనిమిది.

నేను గోనెలు కుక్కిన వసారా. నేను ఇటుకలు పెట్టిన పట్టా. ఆ గాలంతా పోవడానికి నేను వదిలిన ఒకే ఒక్క దారి — ఆవిడ కిటికీ. మంచం పక్కన మిషను ఆ గాలినే పీల్చి, శుభ్రంగా వడకట్టాననుకుని, రెండు సన్నటి గొట్టాల్లో ఆవిడకి పంపిస్తోంది.

జనరేటరు స్విచ్చి నొక్కేశాను.

చప్పుడు ఆగిపోయింది.

*

పట్టా చింపాను. గోనెలు పీకాను. వాన లోపలికి దూకింది. రానీ. గాలి లోపలికి దూకింది. రానీ. ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు — ఇంట్లో తెరవగలిగినవన్నీ తెరిచాను. క్యాలెండరు ఎగిరిపోయింది. దుర్గాదేవి ఫోన్లు నేల మీద పడ్డాయి.

ఆవిడ భుజాలు పట్టుకుని ఊపాను. లేవలేదు. చెంప మీద కొట్టాను. కోడలిగా ఎన్నాళ్ళ కోరికో అనుకుంటారు చూసినవాళ్ళు. ఇంకోటి కొట్టాను.

కళ్ళు తెరిచింది.

"ఏంటే... కొడతన్నావ్."

"పీల్చండి అత్తయ్యగారండీ. గట్టిగా పీల్చండి."

"పీల్చడం... నువ్వు నేర్పుతావా... నాకు."

మిషను ఒకటే కీచుమంటోంది. కరెంటు ఏదని అడుగుతోంది. దాని నోరు నొక్కేశాను.

మంచి గాలి వచ్చింది. ఇల్లంతా మంచి గాలే. కానీ ఆవిడ ఊపిరితిత్తులకి మంచి గాలి చాలదు. ఏరి ఇవ్వాలి. మాలాంటి వాళ్ళం పీల్చే గాలి ఆవిడకి ఉత్త నీళ్ళు.

గోళ్ళు చూశాను. నేరేడు.

అప్పుడే.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. రోడ్డు మీద నీళ్ళు దిగాక వస్తామని చెప్పారు. కరెంటు వాళ్ళ ఫోను మూగదైపోయింది. దానికీ కరెంటు లేదేమో.

లోపల పెడితే విషం.

బయట పెడితే వాన.

రెంటికీ మధ్య ఇంకో చోటు దేవుడు చెయ్యలేదు. నేనే చెయ్యాలి.

"దుర్గాదేవిగారూ..." గోడ మీద నుంచి అరిచాను. ఇంకోసారి అరిచాను. గోంగూర చేతులతోనే వచ్చింది. నా మొహం చూసి ఏమీ అడగలేదు. ఆవిడ ఏమీ అడగకపోవడం నేనెరిగినంతలో అదే మొదలు.

ఇద్దరం చెరో పక్కా పట్టుకున్నాం. జనరేటరు కాలుతోంది. కొంగులు అడ్డం పెట్టి ఎత్తాం. గుమ్మం దాటాం. పెరడంతా చెరువే, మోకాళ్ళ దాకా. బట్టలుతికే బండ ఒక్కటే పైకి తేలి ఉంది. దాని మీదికి ఎక్కించాం. తీగ అతుకుకి పాల కవరు చుట్టాను. చింపిన పట్టానే దుర్గాదేవి రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి, యంత్రం మీద పందిరిలా పట్టుకుంది. గాలి ఆ పట్టాని లాగుతోంది. ఆవిడ గాలిని లాగుతోంది.

"వదలకండి."

"వదలనండీ."

కిటికీ తెరిచే ఉంది. అందులోంచి మంచం కనిపించదు. గోడ కనిపిస్తుంది.

"మాట్లాడుతూ ఉండండి అత్తయ్యగారండీ. నాకు వినపడాలి."

"ఏం... మాట్లాడను."

"ఏదో ఒకటి. నా వంట గురించి చెప్పండి."

తాడు లాగాను.

దగ్గింది. పడుకుంది.

"ఉప్పు..." అంది కిటికీ. "ఉప్పు... ఎక్కువ..."

లాగాను. దగ్గను కూడా లేదు.

ఇంజను స్పార్క్ ప్లగ్గు తీశాను. తడి. కొంగుతో తుడవబోయాను. కొంగూ తడే. నా ఒంటి మీద పొడిగా ఉన్నది ఒక్కటీ లేదు. దుర్గాదేవి తల వంచింది.

"నా జాకెట్లో రుమాలుందండీ. తీసుకోండి. పట్టా వదలలేను."

తీసుకున్నాను. కొట్టు డబ్బుల వాసన, యాలకుల వాసన. పొడిగా ఉంది. ఇంత పొడి వస్తువు ఈ లోకంలో ఇంకా ఉందా అనిపించింది. తుడిచాను. ఊదాను. నా ఊపిరితో ఊదాను. ఇందాక ఆ విషమే పీల్చిన ఊపిరి.

బిగించాను.

"పులుసు సంగతి చెప్పండి అత్తయ్యగారండీ."

"పులుసు... కి..."

లాగాను. దగ్గింది. ఒకటి, ఇంకోటి... ఆగింది.

"పులుసుకేంటండీ?"

వాన.

"పులుసుకేంటి? చెప్పండి. బాగోదనే చెప్పండి. నేనేమీ అనుకోను."

వాన.

దుర్గాదేవి నన్ను చూడట్లేదు. పట్టా వైపే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మా దేవుడినో, వాళ్ళ దేవుడినో. ఆ సమయానికి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళని.

లోపలికి వెళ్ళాలి. వెళ్ళి చూడాలి. చూస్తే ఏం చేస్తాను? చేతుల్తో ఊపిరి ఏరగలనా? ఉన్నది ఈ తాడొక్కటే. ఇది వదిలి వెళ్తే ఆవిడ చెయ్యి పట్టుకోగలను. వెళ్ళకపోతే... ఊపిరి తేగలనేమో.

వెళ్ళాలి.

వెళ్ళలేదు.

గాలి ఒక్క క్షణం వెనక్కి తగ్గింది. వాన పలచబడింది. అప్పుడు వినిపించింది — దూరంగా, గట్టు అవతల నుంచి. ముందు ఒకటి. దాని వెనక ఇంకోటి. తర్వాత అన్నీ.

నీళ్ళని నీళ్ళతో కొట్టే చప్పుడు.

ఆయన జనరేటరు లేచింది. బ్యాటరీ పనిచేసింది. రెక్కలు తిరుగుతున్నాయి, తెల్లటి నురగ లేచి పడుతోంది, గట్టు పట్టిన రొయ్యలన్నీ మీసాలు లోపలికి లాక్కుని మెల్లగా అడుక్కి దిగుతున్నాయి. చెరువు ఊపిరి పీలుస్తోంది.

కిటికీ వైపు చెవి పెట్టాను.

తాడు చేతికి చుట్టుకున్నాను. చర్మం ఊడిన చోట మళ్ళీ చుట్టుకున్నాను.

"పులుసుకి..." అన్నాను. ఆవిడకి వినపడేలా అన్నాను.

లాగాను.